మెరవని చెంబు

ఆ నూతి నీళ్ళలో ముంచిన ఇత్తడి చెంబు చింతపండు లేకుండానే ఎందుకు మెరుస్తుందన్న అనుమానం త్రినాథరావుకి ఏళ్ళ తరబడి ఉంది. హథ్‌ఖోజ్ బస్తీ అంతా అది అమ్మవారి మహిమ అనుకుంది. పూజసామాను అక్కడే కడిగారు. ఆ నీళ్ళే తీర్థంగా పుచ్చుకున్నారు. మహిమను శంకిస్తే కళ్ళు పోతాయని త్రినాథరావూ కళ్ళకద్దుకుని తాగాడు.

నూతికి ఎగువనే ఆయన కాపలా కాసే ఫ్యాక్టరీ. గనుల దగ్గర పారేసిన మట్టిని లారీల్లో తెచ్చి, కడిగి, మిగిలిన లోహం తీసుకుంటారు. తక్కినది వెనక గుట్టగా పోస్తారు. వాన పడితే గుట్టలోంచి ఎర్రనీరు నూతివైపు దిగుతుంది.

"మహిమ కాదు బాబాయ్, పులుపు. ఇత్తడినే తినేసే నీళ్ళు కడుపునొగ్గేస్తాయేటి? సీసం కూడా ఉంటాది, చేతులు పడిపోతాయి" అంది టౌన్‌షిప్‌లోని సెక్టర్ 2 బడిలో సైన్సు చెప్పే డైసీ. ఆమె చెప్పినట్టే పోయిన వేసవిలో బస్తీవాళ్ళు గుట్ట దిగువన కందకం తవ్వారు. గూడ్సు యార్డులో రాలిన సున్నపురాయి ముక్కలు, రైస్‌మిల్లు పారబోసే ఊకబొగ్గు పొరలు పొరలుగా నింపారు. పైసా ఖర్చు లేదు. అవతలికి నీరు తేటగా దిగింది. పరీక్ష చేయించేదాకా తాగొద్దని డైసీ మరీమరీ చెప్పింది.

ఇవాళ పొద్దున్న బస్తీలో నూకమ్మ కూతురు మణిమాల పోయింది. పదహారేళ్ళు. మణికట్లు వాలిపోయి, కడుపునొప్పితో మూడు నెలలు అరిచి అరిచి పోయింది. కబురు విని త్రినాథరావు గేటు దాటబోతుంటే సూపర్‌వైజర్ లక్ష్మీప్రసాద్ పార చేతికిచ్చాడు.

"అంకుల్‌జీ, రేపు తనిఖీకి సాబ్‌లొస్తున్నారు. ఆ కందకం పూడ్చెయ్."

"పూడ్సీడమేటి బావూ? మంచికే గదా అది?"

"అరే, మందు కనిపిస్తే రోగం ఉందని ఒప్పుకున్నట్టే కదా! సేఠ్ మాట. ఆరొందల జీతం, గది, వద్దా నీకు?"

"కుక్కని కాపలాకెట్టి మొరగొద్దంటే ఎలగ బావూ? నాను పూడ్సను."

పార గేటుకి ఆనించాడు. గదిలోంచి బిందె తెచ్చి, రాత్రి వానకి కందకం అవతల చేరిన తేటనీటితో నింపి భుజానికెత్తుకున్నాడు.

శవం పక్కన నూకమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. స్నానం ఇంకా కాలేదు. "నూతినీళ్ళు నా పిల్ల ఒంటికి తగల్నీను" అంటోంది అడిగినవాళ్ళందరితో.

ఆరేళ్ళ కిందట, ఎండాకాలం నూయి అడుగంటినప్పుడు త్రినాథరావు భార్య కన్నమ్మ పోయింది. సెక్టర్ 7లో అంట్లు తోమే నూకమ్మ అక్కడి కుళాయి నీళ్ళు ఓ బిందెడు నెత్తిన మోసుకొచ్చి ఆమెకు ఆఖరి స్నానం చేయించింది. ఆ బిందె ఆయన మనసులో అలాగే ఉండిపోయింది.

నూకమ్మ బిందెలోకి తొంగిచూసింది.

"ఒదినకి పోసిన బిందెడు తిరిగి తెచ్చినావేటన్నా?"

"ఊఁ."

"ఇలగ తీరాలా, అప్పు?"

ఎగువన పార చప్పుడు మొదలైంది. ముప్ఫై రూపాయల కూలికి వేరెవరో దొరికారు.

నూకమ్మ లేచింది. మూడు నెలలుగా తోమని ఇత్తడి చెంబు బిందెలో మునిగి లేస్తోంది. తలకి, వాలిన చేతులకి, పాదాలకి. బిందె అడుగు కనిపించేదాకా ఆ చెంబు నల్లగానే ఉంది.