గీతలో వణుకు

అక్క చదివేది నానో టెక్నాలజీ, తమ్ముడు చదివేది చిత్రకళ. విశ్వవిద్యాలయం ఒకటే. రెండు భవనాల మధ్య సైకిల్ స్టాండు మాత్రమే అడ్డం. రెండు విభాగాల విద్యార్థులూ జతలు కట్టి ఒక ప్రదర్శన పెట్టాలన్నప్పుడు వీళ్ళు వేరే జత కోసం వెతుక్కోలేదు.

"నీకు రంగు డబ్బాలతో పనే లేదురా," అంది అక్క. "సిలికాన్ పలక మీద కంటికి ఆననంత సన్నటి స్తంభాలు చెక్కుతాం. వాటి లావును బట్టి వెలుగు ఎర్రగానో నీలంగానో తిరిగొస్తుంది. నువ్వు బొమ్మ గియ్యి, ఆవగింజంత చోటులో దించేస్తా."

"మరి నా సంతకం ఎక్కడ పెట్టుకోను?" అని నవ్వాడు తమ్ముడు.

వాడు నాన్న బొమ్మే గీస్తానన్నాడు. నాన్న దర్జీ. వాళ్ళు బడికెళ్ళే రోజుల్లోనే చేతులు వణకడం మొదలై, సూదిలో దారం ఎక్కించలేక కొట్టు మూసేసి, తర్వాత మంచాన పడి చనిపోయాడు.

బొమ్మ ఇంకా మొదలుపెట్టకముందే, ఒకరోజు అన్నం తింటుండగా తమ్ముడి చేతిలో గ్లాసు వణికి నీళ్ళు ఒలికాయి. అమ్మ తుడిచింది. మర్నాడు ఇద్దర్నీ నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. నాన్నకు వచ్చిన జబ్బు పిల్లలకు రావచ్చు, రాకపోవచ్చు అన్నాడాయన. పరీక్ష చేస్తే తమ్ముడికి ఉందని తేలింది, అక్కకు లేదని తేలింది. తనకు లేదన్న సంగతి అక్క తమ్ముడికి చెప్పలేకపోయింది. అమ్మే చెప్పింది.

"పోనీలే, ఒక్కరికైనా తప్పింది," అన్నాడు వాడు. ఆ మాట అక్కకు ముల్లులా గుచ్చుకుంది.

అక్క కంప్యూటర్‌కు తగిలించిన పలక మీద డిజిటల్ పెన్నుతో వాడు బొమ్మ గీశాడు. కుట్టుమిషను ముందు వంగిన నాన్న, పళ్ళ మధ్య దారం. గీత గీతలోనూ వణుకు కనిపిస్తోంది. అందరూ సూక్ష్మదర్శినిలోంచి చూసి వీడి జబ్బు గురించి గుసగుసలాడుకుంటారని అక్కకు దిగులు పట్టుకుంది. వాడికి చెప్పకుండా, సాఫ్ట్‌వేర్‌తో గీతలన్నీ సాపు చేసి, పాత బొమ్మ పోయేలా అదే ఫైలులో భద్రపరిచి, సిలికాన్ పలక చెక్కించింది.

ప్రయోగశాలలో దుమ్ము పడకుండా ఒంటికి తెల్లటి తొడుగులు వేసుకుని ఇద్దరూ నిలబడ్డారు. తమ్ముడు సూక్ష్మదర్శిని కటకంలో కన్ను పెట్టి, "అబ్బ, ఈ నీలం చూడవే," అన్నాడు. తర్వాత పలకను నాన్న చేతుల దాకా జరిపి చూశాడు.

"గీతలు ఎవరు దిద్దారు?"

"నేనే. బాగుంటుందని."

"నాన్న వణుకు నా చేతిలోకి వచ్చిందక్కా. దాంతోనే నాన్నను గీద్దామనుకున్నా. నువ్వు తుడిచేశావు."

పాత బొమ్మ ఇవ్వమన్నాడు. లేదంది అక్క. వాడు అరవలేదు. తొడుగు విప్పి, మడతపెట్టి, బుట్టలో వేసి వెళ్ళిపోయాడు.

మళ్ళీ గీయడానికి కూర్చునేసరికి చెయ్యి ఇంకా అదుపు తప్పింది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని రోజూ కాస్త కాస్త గీశాడు. అక్క వాడి గది గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా తిరిగిపోయేది. ఈసారి ఆ బొమ్మను ఒక్క చుక్క కూడా మార్చకుండా చెక్కించింది.

కటకంలో చూసి తమ్ముడు మెల్లగా అన్నాడు.

"ఇంతుందా అక్కా నా వణుకు?"

ఆమె వాడి వీపు మీద చెయ్యి వేసింది.

ప్రదర్శనకు ఏది పెట్టాలని అడిగితే, వాడు రెండోదే పెట్టమన్నాడు. ప్రదర్శన రోజు అమ్మ వచ్చింది. కళ్ళజోడు పైకి తోసి, వంగి చూసింది. "కొట్టు మూసే ముందు చివరి ఏడాది మీ నాన్న అచ్చం ఇలాగే కుట్టేవారు," అంది. "గుండీలు వంకరగా పడితే నేను విప్పి మళ్ళీ కుట్టేదాన్ని. ఆయనకి తెలియనిచ్చేదాన్ని కాదు." ఆ మాట అనేసి వరండాలోకి వెళ్ళి, గోడవైపు తిరిగి నిలబడింది. తమ్ముడు వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

చదువు పూర్తికాకముందే తమ్ముడు కాలేజీ మానేశాడు. కుంచె పట్టడం మానేశాడు. కానీ మధ్యాహ్నాలు అక్క ప్రయోగశాలకు వస్తూనే ఉన్నాడు. ఏ రంగు పక్కన ఏది నప్పుతుందో చెప్పేవాడు, ఆమె తర్వాతి పలకకు స్తంభాల కొలతలు మార్చేది. కొన్నాళ్ళకి తల కూడా కుదురుగా నిలవక, కటకానికి కన్ను ఆనించలేకపోయాడు. అక్క సూక్ష్మదర్శినికి కెమెరా తగిలించి, బొమ్మను గోడ మీద తెరకి ఎక్కించింది. వాడికి కుర్చీ వేసి, తను పక్కనే స్టూలు మీద కూర్చుంది.

"ఎరుపు ఎక్కువైంది," అన్నాడు వాడు. మాట కూడా తడబడుతోంది.

"ఎంత తగ్గించమంటావు?"

"కొంచెమే."

ఆమె తగ్గించింది.