చెప్పకుండా సర్దిన ర్యాకు

లైబ్రరీ సైన్సులో పీజీ చేశానని తెలిసినప్పటి నుంచి మా బంధువులు నన్నొక వింతలా చూస్తున్నారు. "పుస్తకాలు సర్దడానికి కూడా చదువు కావాలా?" అని మా పెద్దత్త నలుగురిలో అడిగింది. సర్దడానికి అక్కర్లేదు, అడిగినవాళ్లకి అడిగిన పుస్తకం దొరికేలా సర్దడానికి కావాలి అని నేను ఓపిగ్గా చెప్పాను. ఆవిడ అంతా విని, "అదేలే, సర్దడమే కదా" అంది.

అత్తయ్యను అని లాభం లేదు. ఉద్యోగమిచ్చేవాళ్లూ అలాగే ఉన్నారు. ఏ ప్రకటన చూసినా ఒకటే మాట, అనుభవం ఉండాలి. ఆ అనుభవం ఎక్కడ దొరుకుతుందో మాత్రం ఒక్కరూ రాయరు. స్కూళ్లూ, కాలేజీలూ, ఒక ఆసుపత్రిలో అద్దాల తలుపుల లైబ్రరీ, అన్నిచోట్లకూ చెప్పులరిగేలా తిరిగాను. ఒక స్కూల్లో లైబ్రరీతో పాటు ఆటల పీరియడు కూడా చూసుకోవాలన్నారు. ఈల గట్టిగా ఊదగలవా అని అడిగారు. ఊదలేనని ఉన్నమాట చెప్పాను. నిజం చెప్పి కొంప ముంచుకోవడం నాకు అదే మొదలు.

మా బాబాయికి టైల్స్ షాపుంది. బిల్లింగ్ కౌంటర్లో కూర్చునే మనిషి కోసం చూస్తున్నాడు. "అమ్మడూ, టైల్సుకీ నంబర్లుంటాయి, కమోడ్లకీ నంబర్లుంటాయి. నీ చదువు ఎక్కడికీ పోదు" అన్నాడు. ఎగతాళికి అని ఉంటే తగిన సమాధానం చెప్పేదాన్ని. ఆయన ప్రేమతోనే అన్నాడు, దానికేం చేస్తాం? చివరికి నాన్నకూ నాకూ ఒక ఒప్పందం కుదిరింది. మా పబ్లిక్ లైబ్రరీలో ఒక పోస్టు పడింది. రాతపరీక్ష గట్టెక్కాను, ఇంటర్వ్యూ ఉంది. అది వస్తే సరే, రాకపోతే ఒకటో తారీఖు నుంచి కౌంటరు. నాన్న "ఊఁ" అని పేపరు చాటుకు వెళ్లిపోయాడు. పట్టుబట్టి చదివించింది ఆయనే. ఆ పేపరు వెనక ఆయన ముఖం ఎలా ఉందో నాకు తెలుసు.

ఇంటర్వ్యూకి ముందు రోజుల్లో నాకు కాలు నిలవలేదు. నాకో జబ్బుంది, వరస తప్పింది కంటపడితే నా చేతులు ఊరుకోవు. నాన్న పనిముట్ల పెట్టె సర్దాను. అమ్మ దారపు ఉండలన్నీ రంగుల వారీగా పెట్టాను. అవన్నీ అయిపోయాక నాయనమ్మ అలమర మీద పడ్డాను. నాయనమ్మకు చూపు బాగా తగ్గింది. ఆ అలమరలో చేతిరుమాళ్ల మధ్య మందులు, మందుల మధ్య గుండీలు, గుండీల మధ్య టార్చిలైటు ఉండేవి. అన్నిటినీ విడదీసి మందులకో అర, బట్టలకో అర, చిల్లర సామానుకో అర కేటాయించి, చూసుకుని మురిసిపోయాను.

సాయంత్రం నాయనమ్మ వచ్చి అలమర తెరిచింది. చూడకుండానే చేయి లోపలికి చాపింది. ఆ చేయి రోజూ వెళ్లే చోటికే వెళ్లి, రుమాళ్లను తడిమి, అక్కడే ఆగిపోయింది.

"నా కంటి చుక్కల మందేదే?"

"కింది అరలో ఉంది నాయనమ్మా. మందులన్నీ ఒకచోట పెట్టేశా. ఇంక తేలిగ్గా దొరుకుతాయి."

"ఎవరికి?"

నాయనమ్మ చేయి ఇంకా రుమాళ్ల మీదే ఉంది.

"సర్దావు, బానే ఉంది. నా చేతికి చెప్పావటే?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. సర్దింది మాత్రం అలాగే ఉంచేశాను. మందులన్నీ ఒకచోట ఉండటమే పద్ధతి, నాలుగు రోజులు పోతే ఆవిడే అలవాటు పడుతుందని నా నమ్మకం.

లైబ్రరీ అంటే ఒక పొడవాటి హాలు, దాని చివర లైబ్రేరియన్ గది. నేను ఇంటర్వ్యూకి వెళ్లేసరికి పేపర్లు చదివే బల్ల దగ్గర ఒక పెద్దాయన ముక్కు పేపరుకు ఆనించి చదువుకుంటున్నాడు. అటెండరు మాకోసం ఫ్యాను కింద, ఒక ర్యాకు పక్కన, రెండు కుర్చీలు వేశాడు. ఇంటర్వ్యూ దాకా వచ్చింది ఇద్దరమే. రెండో ఆవిడ నాకంటే చాలా పెద్దది. నీలం గొడుగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఇంతకుముందు ఎన్నిటికి వెళ్లారండీ?" అని అడిగాను.

"లెక్కపెట్టడం మానేశానమ్మా. చదువవగానే పెళ్లి, ఆ తర్వాత పిల్లలు. వాళ్లు పెద్దాళ్లయ్యాక ఇప్పుడు మొదలుపెట్టా. ఇన్నాళ్లూ ఏం చేశారని అడుగుతారు. ఏం చెప్పను? మరి నీ సంగతేంటి?"

"ఇది రాకపోతే కమోడ్లు అమ్ముకుంటానండీ."

గొడుగావిడ పకపకా నవ్వి, హాల్లో ఉన్నామని గుర్తొచ్చి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి మంచినీళ్లు తాగొస్తానని లేచింది.

అప్పుడు నా కళ్లు పక్కనున్న ర్యాకు మీద పడ్డాయి. కోళ్ల పెంపకం పుస్తకం కుట్టుపని పుస్తకాల మధ్య ఉంది. నా చేయి లేచింది. అక్కడితో ఆగితే బాగుండేది. పక్క అరలో ఇంకొకటి, దాని కింద మరొకటి, పుస్తకం వెన్ను మీది నంబరొకటి, కూర్చున్న చోటొకటి. గడియారాల మరమ్మతు పుస్తకమైతే లావుపాటి అకౌంట్ల పుస్తకాల మధ్య నక్కి ఉంది. ఇంత మంచి లైబ్రరీకి ఇదేం ఖర్మ అని జాలిపడుతూ అన్నిటినీ వాటి వాటి చోట్లకు చేర్చాను. దాంతో ఇంటర్వ్యూ భయం కూడా సగం తగ్గింది. చేతుల దుమ్ము దులుపుకుని, ఏమీ ఎరగనట్టు కుర్చీలో కూర్చున్నాను.

గొడుగావిడ తిరిగి వచ్చేసరికి లైబ్రేరియన్ మేడమ్ కూడా వచ్చింది. నెరిసిన జుట్టు, మెడలో వేలాడే కళ్లజోడు, చేతిలో ఒక చీటీ. "నువ్వు కాసేపు అటు కూర్చోమ్మా" అని నన్ను పేపర్ల బల్ల దగ్గరికి పంపి, గొడుగావిడను ర్యాకు ముందు నిలబెట్టింది.

"ఈ ర్యాకులో కొన్ని పుస్తకాలు తప్పుచోట ఉన్నాయి. అవేవో తీసి బల్ల మీద పెట్టండి. తొందరేం లేదు."

అంటే ఆ తప్పులు పరీక్ష కోసం కావాలని పెట్టినవి.

గొడుగావిడ పై అర నుంచి మొదలుపెట్టింది. ఒక్కో వెన్ను మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ నంబర్లు చదువుకుంటూ వెళ్లింది. కింది దాకా వచ్చి, మళ్లీ పైకి వెళ్లింది. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "అన్నీ సరిగ్గానే ఉన్నాయండీ" అంది. మేడమ్ "ఇంకోసారి చూడండి" అంది. ఈసారి ఆవిడ వేలు ఒక్కో నంబరు దగ్గరా రెండేసిసార్లు ఆగింది. తన కళ్ల మీద తనకే నమ్మకం పోయింది. సరైన చోటున్న పుస్తకాన్నే ఒకదాన్ని బయటికి లాగి బల్ల మీద పెట్టింది. తర్వాత ఇంకొకటి లాగింది. మేడమ్ చీటీ మీద ఏదో రాసుకుంది.

నాకు అన్నీ ఒకేసారి తోచాయి. నోరు మెదపకపోతే ఆవిడ పని అయిపోయినట్టే. నా వంతు వచ్చినప్పుడు ఏ పుస్తకం ఎక్కడుండేదో గడగడా అప్పజెప్పగలను. చెబితే మాత్రం, పిలవకముందే పరీక్ష పాడుచేసిన మనిషిగా మిగులుతాను. టైల్స్ షాపు కౌంటరు, దాని మీది గాజు పలక, దాని కింద కమోడ్ల ఫొటోలు కళ్ల ముందు కదిలాయి. ఇంకొక్క నిమిషం ఆలోచిస్తే ఊరుకునేదాన్నేమో. అందుకే ఆలోచించకుండా లేచాను.

"మేడమ్, ఆవిడ చెప్పింది నిజమేనండీ. అందులో తప్పులేం లేవు. నేను సర్దేశాను."

"సర్దేశావా? ఎవరు సర్దమన్నారు?"

"ఎవరూ అనలేదండీ. చూస్తూ ఊరుకోలేకపోయా."

గొడుగావిడ కుర్చీలో కూలబడింది. "నీ దుంపతెగ! నా కళ్లు పోయాయనుకున్నా కదమ్మా!" అంది. పరీక్షకు వచ్చిన సంగతి మర్చిపోయి మరీ అంది.

మేడమ్ తిట్టలేదు. ఏవి ఎక్కణ్నుంచి తీశావో చూపించమంది. నేను ఒక్కొక్కటే తీసి, అది ముందున్న చోటు చెబుతూ బల్ల మీద పెట్టాను. ఆవిడ చీటీతో సరిచూసుకుంటూ వచ్చి చివరి పుస్తకం దగ్గర ఆగింది.

"ఈ గడియారాల పుస్తకం మేం మార్చింది కాదే. ఇది ఎప్పుడో పోయిందని రాసేశాం."

ఆ మాట అంటుండగానే పేపర్ల బల్ల దగ్గరి పెద్దాయన లేచి వచ్చాడు. మమ్మల్ని పట్టించుకోకుండా అకౌంట్ల పుస్తకాల మధ్యకు చేయి పోనిచ్చాడు. అటు చూడను కూడా చూడలేదు. చేయి తడిమింది, ఆగిపోయింది.

ఆ ఆగిపోయిన చేయి నాకు తెలుసు. మా ఇంట్లో అలమర ముందు చూశాను. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

"దీనికోసమేనా అండీ?" అని పుస్తకం అందించాను.

"ఎవరు తీశారు?" అన్నాడు కోపంగా. వెంటనే మేడమ్‌ను చూసి నీళ్లు నమిలాడు. "అంటే... ఈ అకౌంట్ల జోలికి ఎవడూ రాడు కదా అని ఇక్కడ పెట్టుకుంటున్నానండీ. దాని చోట ఉంచితే ఇంకెవరో పట్టుకుపోతారు. ఇంటికి తీసుకెళ్దామంటే మా మనవడు ప్రతి గడియారానికీ మీసాలు పెడతాడు."

మేడమ్ నవ్వాపుకుని మా ఇద్దరి వైపూ తిరిగింది. "ఇంక ఆ పరీక్ష ఎలాగూ లేదు. ఇదే ఇంటర్వ్యూ అనుకోండి. ఈ పుస్తకం రేపటి నుంచి ఎక్కడుండాలి?"

నేనే ముందు అందుకున్నాను. "దాని నంబరు చోటేనండీ. అడిగిన అందరికీ దొరకాలి కదా. కాకపోతే ముందు ఈయనకి చెప్పి, చెయ్యి పట్టుకెళ్లి ఆ చోటు చూపించి, అప్పుడు పెడతా."

చెబుతున్నప్పుడు నాకే గర్వంగా అనిపించింది. మేడమ్ తలూపి గొడుగావిడను చూసింది. ఆవిడ పెద్దాయన చేతిలోని పుస్తకాన్ని కాసేపు చూసింది.

"ఈయన చదవడం అయ్యేదాకా నా బల్ల మీదే ఉంచుతానండీ. ఇంకెవరైనా దానికోసం వస్తే ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెడతా. గడియారాల పిచ్చి ఉన్నవాళ్లు ఊళ్లో ఎంతమంది ఉంటారు? ఒకళ్లకొకళ్లు తెలియాలి కదా."

నా జవాబు పుస్తకం గురించి. ఆవిడ జవాబు మనుషుల గురించి. ఉద్యోగం ఎవరిదో నాకు అక్కడే తెలిసిపోయింది. ఆవిడ మీద కోపం రాలేదంటే అబద్ధం, వచ్చింది. బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను కూడా.

తర్వాతి వారం మేడమే ఫోన్ చేసింది. "ఆవిణ్ని తీసుకున్నామమ్మా. ఆ రోజు నువ్వు నోరు విప్పకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు."

"నాకూ తెలుసండీ" అన్నాను.

నాన్న టీ కలిపి తెచ్చి నా పక్కన పెట్టి, నా పక్కనే కూర్చున్నాడు. పేపరు తెచ్చుకోలేదు. టీ తాగాక నేను లేచి నాయనమ్మ అలమరంతా ఖాళీ చేశాను.

"మళ్లీ ఏం పుట్టింది నీకు?" అంది నాయనమ్మ.

"నువ్వు చెయ్యి పెట్టు నాయనమ్మా. ఏది ఎక్కడుండాలో నీ చేతినే చెప్పమను."

ఆవిడ చేయి పెట్టిన చోటల్లా ఒక్కో వస్తువూ పెట్టుకుంటూ వచ్చాను. చుక్కల మందు రుమాళ్ల మధ్యకు, టార్చిలైటు గుండీల మధ్యకు పోయాయి. చూడటానికి ఘోరంగా ఉంది. నాయనమ్మ ఒకసారి తలుపు మూసి, తెరిచి, చూడకుండా మందు తీసుకుంది. "ఇప్పుడు పాసయ్యావే" అంది.

ఒకటో తారీఖున కౌంటర్లో కూర్చున్నాను. బాబాయి మాట నిజమే, అన్నిటికీ నంబర్లున్నాయి. పనిలో చేరాక వచ్చిన మొదటి సెలవు రోజున లైబ్రరీకి వెళ్లాను. కొత్త ప్రకటనలు చూడటానికి పేపర్లు కావాలి, కార్డు కూడా తీసుకుందామనుకున్నాను. వెళ్లడానికి ముఖం చెల్లలేదు గానీ ఊళ్లో ఇంకో లైబ్రరీ లేదు.

నీలం గొడుగు బల్ల వెనక కుర్చీకి వేలాడుతోంది. ఆవిడ నన్ను చూడగానే లేచి నిలబడింది. "రామ్మా, రా. ఇన్నాళ్లకా రావడం?" అంది. కిటికీ దగ్గర పెద్దాయన గడియారాల పుస్తకం తెరిచి కూర్చున్నాడు. ఆయన పక్కన చేతులకు గ్రీజు మరకలున్న ఒకావిడ అదే పేజీలోకి తొంగిచూస్తోంది. ఇద్దరూ ఒక చక్రం బొమ్మ గురించి గుసగుసగా పోట్లాడుకుంటున్నారు.

కార్డు ఫారం ఆవిడే నింపడం మొదలుపెట్టింది. నా పేరు అడిగి రాసింది, ఇల్లెక్కడో అడిగి రాసింది, ఫోన్ నంబరు అడిగి రాసింది. తర్వాతిది వృత్తి. ఏం చెప్పాలా అని నేను నోరు తెరిచేలోగా, నన్ను అడక్కుండానే, గుండ్రటి అక్షరాలతో "లైబ్రేరియన్" అని రాసి, సంతకం పెట్టమని నా వైపు తిప్పింది.

నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ పెన్ను అందించింది.

తప్పు కంటపడితే ఊరుకోని చేతులు నావి. ఆ మాట దిద్దకుండా కింద సంతకం పెట్టాను.