పగుళ్ళు తిన్నవాళ్ళం

నమ్మనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు. తలుపు తీసే ఉంది, చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. కూర్చునేవాళ్ళు మాత్రం మధ్యలో ‘అదెలా కుదురుతుంది’ అని అడ్డు తగలకూడదు. ఈ వయసులో అబద్ధం ఆడాలంటే బోలెడు జ్ఞాపకశక్తి కావాలి, అది నాకు లేదు. నిజం చెప్పడానికి గొంతు ఒక్కటి చాలు. నా గొంతు సంగతి మీకు తెలుసు, ఒకసారి నేను మాట్లాడుతుంటే తిరిగే ఫ్యాను ఆగి విన్నది. కరెంటు పోయిందన్నారు గిట్టనివాళ్ళు.

అప్పట్లో నేను అద్దెకున్న ఐదంతస్తుల ఇంట్లో రోజూ పొద్దున్న ఏడున్నరకి ఒక చప్పుడయ్యేది. ధడేల్! కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు మంచం మీంచి దూకేవాళ్ళు. పాతవాళ్ళు పళ్ళు తోముకుంటూనే, “పెద్దమ్మ మొదటి ట్రే దించింది” అని గడియారం సరిచేసుకునేవాళ్ళు.

మూడో అంతస్తు పెద్దమ్మ ఆ ఇంట్లో పసివాడి నుంచి ముసలాడి దాకా అందరికీ పెద్దమ్మే. రెండు గదులు, నలభై ఏళ్ళ కాపురం, భర్త పోయి పన్నెండేళ్ళు. ఆ గదులు తప్ప ఆవిడకి ఈ భూమ్మీద ఇంకో నీడ లేదు. తోడుగా మరిది ఉండేవాడు. తాపీ మేస్త్రి. పని మానేశాడు గాని తాపీ మానలేదు, దాన్ని నడుముకి దోపుకునే తిరిగేవాడు.

పెద్దమ్మ చేసేవి వెనిలా పంచదార కుకీలు. వెనిలా కాయల్ని నిలువునా చీల్చి పంచదార జాడీలో నెల రోజులు పాతిపెట్టేది. ఆ జాడీ మూత తీస్తే ఐదో అంతస్తులో జలుబు చేసినవాడికి కూడా ముక్కు తెరుచుకునేది. ఆ పంచదారని వెన్నతో తెల్లబడేదాకా గిలకొట్టి, గుడ్డు పచ్చసొన, మైదా, చిటికెడు వంటసోడా కలిపి నిమ్మకాయంత ఉండలు చుట్టేది. వాటిని బరక పంచదారలో దొర్లించి ట్రేలో ఎడంగా పేర్చేది. ఓవెన్లో అవి అలిగిన పిల్లల బుగ్గల్లా ఉబ్బగానే ట్రే బయటికి లాగి, జానెడు ఎత్తునుంచి గచ్చు మీద వదిలేది. ధడేల్! బుగ్గలు చతికిలబడేవి, పైపెంకు నెర్రెలు విచ్చేది. మళ్ళీ ఓవెన్లోకి తోసేది. చల్లారేటప్పుడు కుకీలు చిటపటమని తమలో తామే ఏదో మాట్లాడుకునేవి.

ఆ నెర్రెలు ఎక్కడివంటారా? ఆ ఇంటి గోడలవే.

నాలుగో అంతస్తు స్నానాల గదిలో గోడ చీలితే ఆ ఇంటావిడ మేస్త్రిని పిలిచేది కాదు. గిన్నె పట్టుకుని పెద్దమ్మ గుమ్మంలో నిలబడేది. “పెద్దమ్మా, కుళాయి పక్కన మూరెడు చీలింది. రేపటి ట్రేలో మాదీ ఒకటి వెయ్యవూ?” ట్రే గచ్చుకి తగలగానే గోడ మీది చీలిక కుకీ మీదికి వచ్చేసేది. అదే వంకర, అదే పాయ. ఒక్క పగులుకి ఒక్క కుకీ. కరకరలాడుతుండగా తినేస్తే గోడ నున్నగా ఉండిపోయేది. బద్ధకించి మెత్తబడనిస్తే పగులు మళ్ళీ గోడెక్కేది. కుళాయిలో నీళ్ళు ఎన్నింటికి వస్తాయో తెలిసినట్టే ఇదీ అందరికీ తెలుసు.

మేస్త్రికి మాత్రం కడుపుమంట. “ముప్ఫై ఏళ్ళు సిమెంటు కూరినా పూడని పగుళ్ళు నువ్వు పంచదారతో పూడుస్తావా వదినా? నా విద్యని ఏం చేసుకోను, దండెం మీద ఆరేసుకోనా?”

“ఆరేసుకో మరిదీ. ఆరాక వచ్చి ఒకటి తిని వెళ్ళు.”

అంతా బాగానే ఉండేది. కాని ఆ ఏడు పెద్దమ్మ మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. మూడు నెలలు కట్టు. మూడు నెలలూ ట్రే లేవలేదు. గోడలకి అడిగేవాళ్ళు లేక ఇష్టమొచ్చినట్టు విచ్చుకున్నాయి. సరిగ్గా అప్పుడే భవనాల ఆఫీసు నుంచి ఇద్దరొచ్చి, ఒక్కో పగులునీ బొమ్మ గీసుకుని, నంబరు వేసుకుని వెళ్ళారు. కట్టు విప్పిన వారంలోనే, ఒక బుధవారం, ఉత్తరం వచ్చింది. మొత్తం రెండు వందల పన్నెండు పగుళ్ళు. ఇల్లు ప్రమాదకరం. గురువారం పదింటికి ఇంజనీరు వచ్చి సంతకం చేస్తాడు, వెంటనే మిషను పడగొడుతుంది.

ఆ ఉత్తరం చదివి అందరూ అట్టపెట్టెల కోసం పరుగెత్తారు. పెద్దమ్మ మెట్ల మధ్యలో నిలబడి అందరికీ దారి అడ్డంగా చేతులు చాపింది.

“ఎవరూ సామాను కట్టొద్దు. రెండొందల పన్నెండేగా? ట్రేకి పన్నెండు చొప్పున పద్దెనిమిది ట్రేలు. రేపు పదింటికి వాడు వచ్చేసరికి ఒక్క పగులు కనిపిస్తే, నా పేరు పెట్టి పిలవండి.”

ఆవిడ పేరు ఎవరికీ తెలియదు. అది వేరే సంగతి.

గురువారం తెల్లారగానే ఆరు ట్రేల ఉండలు చుట్టి ఫ్రిజ్జులో పెట్టి, వెన్న చాలదని బజారుకి వెళ్ళింది పెద్దమ్మ. ఆవిడ మెట్లు దిగడం చూసి కింది అంతస్తు దర్జీ పైకొచ్చాడు. మంచివాడే, కాకపోతే ఊరికే ఉండలేడు.

“మేస్త్రన్నా, ఒక్క మాట. పగుళ్ళు వెతకడానికి వస్తున్న మనిషికి పగిలిన బిస్కెట్టు చేతిలో పెడతామా? దొంగని పట్టడానికొచ్చిన పోలీసుకి దొంగసొత్తే కానుక ఇచ్చినట్టు ఉండదూ? ఇస్త్రీ చేసిన చొక్కాలా, మడత లేకుండా ఉండాలి.”

మేస్త్రి కళ్ళు మెరిశాయి. “నున్నగా చెయ్యడం నాకు ఒకరు చెప్పాలా?”

నడుములోంచి తాపీ తీశాడు. మూడుసార్లు కడిగాడు. ఒక్కో ఉండనీ ఒత్తి, నీళ్ళు చిలకరించి, గోడకి పూత పూసినట్టు నిమిరాడు. ట్రే కింద పడేస్తే పగులుతాయని పసిపిల్లని ఉయ్యాల్లోంచి తీసినట్టు మెల్లగా దించాడు. డెబ్బై రెండు కుకీలు. ఎంత నున్నగా వచ్చాయంటే, నేను వాటిలో చూసుకుని మీసం దువ్వుకున్నాను.

ఆ రోజు ఏడున్నరకి ధడేల్ వినపడలేదు.

పోవడానికి చోటు లేని పగుళ్ళు ఏం చేస్తాయి? గోడలు ఒక్కసారిగా మూలిగాయి. కింది మెట్టు నుంచి డాబా దాకా, ఐదంతస్తుల మెట్ల గోడ పొడుగునా ఉన్న చీలిక, గీతంతది కాస్తా అరచెయ్యి పట్టేంత అయింది. దర్జీ బల్ల మీది కత్తెర గోడలోకి జారిపోయింది.

వెన్న సంచీతో వచ్చిన పెద్దమ్మ ముందు మెట్ల గోడ చూసింది. తర్వాత కుకీలు చూసింది. ఆఖరికి పంచదార అంటిన తాపీ చూసింది.

“ఎవరి పని?”

దర్జీ కత్తెర వెతుకుతున్నట్టు వంగిపోయాడు. మేస్త్రి తాపీని వీపు వెనక్కి దాచాడు. “మన మంచికే వదినా... ఆ వచ్చే ఆయన మనసు నొచ్చుకోకుండా...”

“మన ఇల్లు పడగొట్టేవాడి మనసు నొచ్చుకోకూడదా!” పెద్దమ్మ గొంతుకి కిటికీ అద్దాలు గిలగిల్లాడాయి. “పగిలినదాన్ని నేనెప్పుడైనా దాచానా? పళ్ళెంలో పెట్టి మరీ అందరికీ పంచాను. వాడెవడో వస్తున్నాడని ఇవాళ మొహాలకి సున్నం కొట్టుకోవాలా? ఆ నున్నటివి తీసుకెళ్ళి ఎవరికైనా పడేయండి. నువ్వు ఆ తాపీ అవతల పెట్టి ఉండలు చుట్టు.”

రెండు గంటల టైముంది. ఐదంతస్తుల్లోనూ ఓవెన్లు వెలిగించారు. కాని ట్రే దించే చెయ్యి ఒక్క పెద్దమ్మదే, ఇంకెవరు దించినా పగులు రాదు. అందుకని కాలే ట్రేలు గుడ్డల్లో పట్టుకుని జనం మెట్ల మీద పరుగులు. ధడేల్! ఒక వంటింటి గోడ మూసుకుంది. ధడేల్! ఒక పడకగది కప్పు కలుసుకుంది. నిన్నమొన్న అతికిన మణికట్టుతో ఆవిడ ఎత్తుతుంటే, పక్క వీధిలో భూకంపమని జనం బయటికొచ్చారు. ఇక తినడం మా వంతు. అందరూ తిన్నారు, నేను ఒక్కణ్ణే అరవై మూడు తిన్నాను. యాభై అంటాడు దర్జీ, వాడికి కొలతలే గాని లెక్కలు రావు.

తొమ్మిదిన్నరకి గేటు ముందు పచ్చటి మిషను వచ్చి ఆగింది. నడిపేవాణ్ణి అందరూ గునపం బావ అంటారు. ఇరవయ్యేళ్ళుగా ఇళ్ళు పడగొట్టడమే పని, నిద్ర మాత్రం ఆ మిషను గదిలోనే. ఆ డెబ్బై రెండు నున్నటి కుకీలూ అతనికే పంపారు. టీలో ముంచుకుని ఒక్కటి మిగల్చకుండా తిని, పొట్ట మీద చెయ్యేసుకుని కూర్చున్నాడు.

పదింటికి ఇంజనీరు వచ్చాడు. సన్నటి మనిషి. చంకలో ఫైలు, చేతిలో పగుళ్ళు కొలిచే చిన్న బద్ద. ఉన్నది ఉన్నట్టు రాసే అలవాటు వల్ల పదేళ్ళుగా అదే కుర్చీలో ఉండిపోయాడట. పెద్దమ్మ పిండి చేతులతోనే ఎదురెళ్ళింది. అతను ఫైల్లో బొమ్మ చూస్తాడు, గోడ చూస్తాడు, గోటితో గీకుతాడు.

“ఒకటో నంబరు ఇక్కడ ఉండాలే?”

“ఉండేది బాబూ. ఇందాకే దర్జీ భార్య తినేసింది.”

“రెండోది?”

“అది నాలుగో అంతస్తు తాతగారు. పళ్ళు లేవు పాపం, టైము పట్టింది.”

ఇంజనీరు ఫైలు అటూ ఇటూ తిప్పాడు. “తినేసినవాటికి గడి లేదమ్మా ఇందులో.”

“అయితే ఖాళీగా వదిలెయ్యి.”

అలా రెండు వందల పదకొండు గడులు ఖాళీగా వదిలేసి, తిరిగి మెట్ల దగ్గరికొచ్చాడు. ఆఖరిది మాత్రం అక్కడే ఉంది. కింది మెట్టు నుంచి డాబా దాకా, నోరు తెరుచుకుని. బద్ద పెట్టబోతే బద్దే లోపలికి పోయేట్టుంది.

“ఇదొక్కటి చాలమ్మా పడగొట్టడానికి,” అని కలం తీశాడు. గొంతులో సంతోషం లేదు.

“ఒక్క పది నిమిషాలు ఆగు.”

“ఆగమని నాకెక్కడా రాసి లేదు.”

“ఆగొద్దని రాసి ఉందా?”

అతను నిజాయితీగా ఫైలంతా మొదట్నుంచి చదివాడు. అంతా చదివేసరికి పది నిమిషాలైంది. “లేదమ్మా,” అన్నాడు.

అప్పటికి పెద్దమ్మ గిన్నెలు గోకి, అంచులు తుడిచి, మిగిలిన పిండంతా ఒక్కటే ఉండ చేసి ఓవెన్లో పెట్టేసింది. పళ్ళెమంత కుకీ. అది ఉబ్బగానే ట్రే మోసుకొచ్చి, ఇంజనీరు బూట్ల ముందు, ఆ మెట్టు మీదే వదిలింది.

ధడేల్!

డాబా నుంచి మొదలై, అంతస్తు తర్వాత అంతస్తు, గోడ కింది మెట్టు దాకా పెదవులు బిగించుకుంది. కుకీ మీద ఐదు మెలికలతో నిలువునా చీలిక. చిటపటలాడుతూ చల్లారుతోంది.

ఇక తినాలి. ఎవరు తింటారు? మేస్త్రి రెండు చేతులూ జోడించాడు. “వదినా, ఇంకొక్క పలుకు లోపలికి పోతే నేనే పగులుతాను.” దర్జీ ప్యాంటు కుట్లు ఎప్పుడో ఊడిపోయాయి. నేనా? నేను మాట్లాడలేకపోయాను. నేను! అదీ అప్పటి పరిస్థితి. అంతలో వాన మొదలైంది. తడిగాలికి కుకీ అంచు మెత్తబడింది. కింది మెట్టు పక్కన గోడ మీద వెంట్రుకంత గీత మళ్ళీ పైకి పాకింది.

అందరం పెద్దమ్మ వైపు చూశాం. బతిమాలుతుందనుకున్నాం, ఏడుస్తుందనుకున్నాం. ఆవిడ కుకీని రెండు చేతులా ఎత్తి ఇంజనీరు ముక్కు కింద పెట్టింది.

“పడగొట్టడానికేగా వచ్చావు? ఇదిగో, నీ రెండొందల పన్నెండో పగులు. కానియ్యి.”

“డ్యూటీలో ఉండగా ఎవరిదగ్గరా ఏమీ తీసుకోకూడదమ్మా.”

“నేనిచ్చేదేం కాదు బాబూ. నీ ఫైల్లో ఉన్నదే. నంబరు కూడా మీ ఆఫీసువాళ్ళే వేశారు.”

అతను బొమ్మ చూశాడు. కుకీ చూశాడు. అదే వంకర, అదే ఐదు మెలికలు. వేలితో ఒక్కో మెలికా సరిచూసుకున్నాడు. గోడ మీది గీత మొదటి అంతస్తు దాటుతోంది. పెద్దమ్మ చూపు దించలేదు.

ఇంజనీరు కొరికాడు.

ఆ చప్పుడు, దాన్ని మీరు వినాల్సింది. నిండిన చెరువు గట్టు తెగినట్టు, వంద మంది ఒకేసారి మెటికలు విరిచినట్టు! కొరికాడు, నమిలాడు, మళ్ళీ కొరికాడు. వెనిలా వాసనకి కళ్ళు మూసుకుపోయాయి గాని దవడ ఆగలేదు. ఆఖరి పలుకు కూడా వేలికి అద్దుకుని నాకాడు. తర్వాత గోడకి బద్ద పెట్టాడు. దాని అంచు కూడా దూరలేదు. గడిలో సున్నా చుట్టి కింద సంతకం చేశాడు.

అప్పుడే ఫోను మోగింది. పై అధికారి. అరుపులు మాకూ వినపడ్డాయి. పదేళ్ళలో ఎవరికీ ఎదురుచెప్పని ఆ మనిషి మూతి మీది పంచదార తుడుచుకోకుండానే అన్నాడు:

“సున్నా అండి... కాదండి, మార్చను. అవసరమైతే మీరొచ్చి కొలుచుకోండి... ఉద్యోగమా? సరే కానివ్వండి. సున్నాయే.”

పెద్దమ్మ మేస్త్రిని కసిరి కుర్చీ తెప్పించి ఇంజనీరుని కూర్చోబెట్టింది.

గేటు దగ్గర మిషను తలుపు తెరుచుకుంది. డ్రైవరు వానలో తడుస్తూ లోపలికొచ్చి, మెట్ల గోడని కింది నుంచి పై దాకా అరచేత్తో తడిమి చూశాడు. మిషను వెనక్కి తిప్పమంటారా అని అడుగుతాడనుకున్నాం. ఒక్కటే అడిగాడు: “ఇక్కడ ఖాళీ గది ఏదైనా ఉందా?”

ఇంతకన్నా నేను చెప్పేదేం లేదు. ఇంకా అనుమానమున్నవాళ్ళు నన్ను తిట్టకండి, నేరుగా ఆ ఇంటికే వెళ్ళండి. కింది అంతస్తు, మెట్ల పక్క గది, తలుపు తట్టండి. బయటికొచ్చే మనిషి ఇరవయ్యేళ్ళు ఇళ్ళు కూల్చి, వెతికి వెతికి ఆ ఇంట్లో కాపురం పెట్టినవాడు. మొహమాటం లేకుండా అడగండి. గునపం బావ అని పిలిస్తే పలుకుతాడు.