రానిచ్చిన పాపం

వెనక నుంచి మా ఆవిడ అరిచిన మాట నా చెవిలో పడేసరికి "రానీయ్" అయింది. చెవిలో పడకముందు అదేమిటో తెలుసుకునేలోపు నా నోట్లో రెండు పళ్ళు రాలాయి, ఒక మనిషి కాలు విరిగింది, మా ఆవిడని పోలీసులకి అప్పగించాలా వద్దా అనేదాకా వ్యవహారం వెళ్ళింది. రెండున్నర అక్షరాల మాట చేసిన నిర్వాకం ఇది.

నేను ఇరవై ఆరేళ్ళు టైర్ల కొట్టు నడిపి రిటైరయ్యాను. టైర్లవాడు రిటైరయితే చేసేదేముంది, మళ్ళీ టైర్ల మీదే పడతాడు. పాత మోటార్ హోమ్ ఒకటి కొన్నాం. మంచం, పొయ్యి, బాత్రూము అన్నీ వీపున మోసుకు తిరిగే బండి. నట్లు ఎంత బిగించినా వదులవుతుంటాయని మా ఆవిడ దానికి నట్టిల్లు అని పేరు పెట్టింది. ఆవిడ బడిలో డ్రిల్లు టీచరుగా చేసింది. పాతికేళ్ళపాటు పిల్లలకి ఇనపగుండు విసరడం నేర్పింది.

వేసవి రెండు నెలలూ కొండలెక్కడం, నేషనల్ పార్కుల్లో దిగడం. పార్కులకి జనం జంతువుల్ని చూడ్డానికి వస్తారనుకునేవాణ్ణి. పార్కింగు కోసం కొట్టుకోడానికి వస్తారని నాలుగో పార్కులో తెలిసింది.

అక్కడ మా పక్క చోటులో ఇద్దరు అన్నదమ్ముల బండి ఉంది. అన్నకి ఊళ్ళో మాంసం కొట్టు. నాదీ కొట్టే, అతనిదీ కొట్టే, కానీ కొట్టడం వచ్చినవాడు అతనొక్కడే. తమ్ముడు ముప్ఫై దాటిన పొడుగు మనిషి. వేసిన చాప వాళ్ళ చోటులో ఉండేది, చాపిన కాళ్ళు మా చోటులో ఉండేవి. ముందురోజు సాయంత్రం మా ఆవిడ ఉతికిన బట్టల బకెట్టుతో వస్తూ ఆ కాళ్ళు తట్టుకుని బోర్లా పడింది. లేచి, చుట్టూ పది బండ్లవాళ్ళు వినేట్టు ఒక మాట అంది.

"ఆ కాళ్ళు లోపల పెట్టుకో నాయనా. లేకపోతే ఏదో ఒకరోజు వాటి మీంచి బండి పోతుంది."

తమ్ముడు నవ్వాడు. అన్న నవ్వలేదు.

మర్నాడు పొద్దున్న కుళాయి దగ్గర ట్యాంకు నింపుకొచ్చి, బండిని మా చోటులోకి వెనక్కి పెడుతున్నాను. ఏటవాలు నేల. ఇంజను ఎలుగుబంటిలా గుర్రుమంటోంది. మా ఆవిడ వెనక నిలబడి చెయ్యి ఊపుతోంది, అద్దంలో సగమే కనబడుతోంది. రానీయ్, రానీయ్ అంది. రానిచ్చాను. ఇంకా గట్టిగా రానీయ్ అంది. ఇంకా రానిచ్చాను. వెనక చక్రం దేన్నో తన్నింది. టక్కుమని ఒక్క చప్పుడు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేకుండా పక్క బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది.

తమ్ముడు దాని కింద వెల్లకిలా పడుకుని మురికినీళ్ళ గొట్టం బిగిస్తున్నాడు. ఒళ్ళంతా లోపలుంది, కాళ్ళు మాత్రం అలవాటు ప్రకారం బయటికి చాపి ఉన్నాయి. ముందు చక్రం ఎడమకాలి మీంచి వెళ్ళింది. ఎండుకర్రలా ఫట్‌మని విరగలేదు. పచ్చికర్రలా, నారలు తెగుతూ, తీరిగ్గా విరిగింది. మోకాలి కింద చర్మం చీల్చుకుని ఎముక తెల్లగా బయటికొచ్చింది, దాని వెనకే నెత్తురు. బండి ఇంకో ఇరవై అడుగులు జారి చెట్టుకి గుద్దుకుని ఆగింది.

నేను తలుపు తీసేలోపు అన్నే తీశాడు. చేతిలో జాకీ రాడ్డు. ఒక్క ముక్క అడగలేదు. చొక్కా పట్టుకుని కిందికి ఈడ్చి మూతి మీద వేశాడు. ఇన్నేళ్ళ వ్యాపారంలో నేను ఒక్క పన్నూ ఎగ్గొట్టినవాణ్ణి కాను. అతను ఒక్క దెబ్బకి రెండు పళ్ళు ఎగరగొట్టాడు. రెండోది భుజం మీద పడింది, లోపలేదో చిట్లింది. మూడోదానికి రాడ్డు రెండు చేతులా ఎత్తి నా తలకి గురి చూశాడు. సెలవులకని వచ్చి సెలవు తీసుకోబోతున్నానని అర్థమై కళ్ళు మూసుకున్నాను.

మూడో దెబ్బ పడలేదు. అన్న టీ పెట్టుకుంటున్న పొయ్యి పక్కనుంచి మా ఆవిడ చిన్న గ్యాసు సిలిండరు ఒకటి ఎత్తి, మెడకి ఆనించి, ఒక చుట్టు తిరిగి వదిలింది. పాతికేళ్ళ పాఠం వమ్ము కాలేదు. అది అతని కణతకి రాసుకుపోయి చెవిని సగం కోసింది. అయినా అతను పడలేదు. చెవి వేలాడుతుండగా తిరిగి, ఆవిడ జుట్టు పట్టుకుని మొహాన్ని మా బండి రేకుకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. రేకు సొట్టపోయింది, రేకు నిండా నెత్తురు. నేను పాక్కుంటూ వెళ్ళి మిగిలిన పళ్ళతో అతని పిక్క పట్టాను. మాంసం కొట్టేవాడి మాంసం ఎంత గట్టిగా ఉంటుందో ఆ రోజు తెలిసింది. చుట్టుపక్కల బండ్లవాళ్ళు ఆరుగురు కలిసి మా ముగ్గుర్నీ విడదీశారు. అప్పటికి తమ్ముడు అరవడం మానేశాడు. అది అరుపుకంటే భయంగా ఉంది.

కాల్ కలవని కొండమీద కాలు విరిగింది. యాత్రకొచ్చిన ఒక నర్సు తన బెల్టు తీసి అతని తొడకి బిగించింది. పార్కు రేంజరమ్మ వైర్‌లెస్సులో హెలికాప్టరు పిలిపించి అతన్ని ఆస్పత్రికి పంపింది. మిగిలిన మమ్మల్ని తన ఆఫీసులో కూర్చోబెట్టింది. చెక్క గది, గుండుసూదులు గుచ్చిన కొండల పటం, బల్ల మీద దూది, అయోడిను. అన్న చెవికి, నా భుజానికి, మా ఆవిడ నుదుటికి కట్లు కట్టించింది. కట్లు ముగ్గురికీ పడ్డాయి గానీ మాటకి కట్టుబడేవాడు ఒక్కడూ కనబడలేదు. కిటికీ బయట పది బండ్లవాళ్ళూ గుమిగూడారు.

"ఇది పొరపాటు కాదు మేడమ్," అన్నాడు అన్న. "కాళ్ళ మీంచి బండి పోతుందని నిన్న అంది. ఇవాళ రానీయ్ రానీయ్ అని అరిచి మరీ పోనిచ్చింది. నేను టీ పెట్టుకుంటూ నా చెవులతో విన్నాను."

చెవులతో అన్నప్పుడు అతని చెయ్యి కట్టు మీదికి వెళ్ళింది. నిన్నటి మాట మేమూ విన్నామని కిటికీలోంచి ఇద్దరు చెప్పారు. కావాలని చేస్తే ఇది నేరమని, మధ్యాహ్నానికి పోలీసులు కొండెక్కి వస్తారని, అప్పగించక తప్పదని రేంజరమ్మ చెప్పింది. మా ఆవిడ వాచిన పెదవులతో, తాను రానీయ్ అనలేదని, రాయి అన్నానని చెప్పింది.

ఎవరూ నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు. మరీ అప్పటికప్పుడు అతికించినట్టుంది. రేంజరమ్మ నావైపు తిరిగి, మీకేం వినబడిందని అడిగింది. ఒక్క అబద్ధమాడితే ఆవిడ బయటపడుతుంది. ఆడదామనే నోరు తెరిచాను. పళ్ళు పోయిన సందులోంచి ముందు గాలి వచ్చింది.

"వినబడింది చెప్పండి," అంది మా ఆవిడ. "నేనన్నది నేను చెప్పుకుంటాను."

రానీయ్ అనే వినబడిందని చెప్పాను. ఆవిడ నావైపు చూడలేదు. అన్న బల్ల మీద గుద్దాడు.

రాయి కనబడితే ఎవరైనా ఆపు అంటారు గానీ రాయి అంటారా అని రేంజరమ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్నే.

"ఆపు అంటే ఈయనకి కోపం మేడమ్. ఊరికే ఆపు ఆపు అని నా ప్రాణం తియ్యకు, వెనకేముందో పేరు చెప్పు, ఆపాలో వద్దో నేను చూసుకుంటా అన్నారు. కిందటి పార్కులో. అప్పట్నుంచి చెట్టుంటే చెట్టు అంటున్నా. గుంటుంటే గుంట అంటున్నా. ఇవాళ రాయి ఉంది."

నేను తల దించుకున్నాను. ఆ మాట అక్షరాలా నాదే. టైర్ల కొట్టువాడికి బండి వెనక్కి పెట్టడం ఒకరు నేర్పాలా అన్న పొగరు. చెట్టుకీ గుంటకీ ఏ పేచీ రాలేదు. రానీయ్‌తో చుట్టరికం ఉన్నది రాయికొక్కదానికే.

ఏ రాయి అని రేంజరమ్మ అడిగింది. అన్న మొహంలో రంగు దిగింది. తన బండికి హ్యాండ్ బ్రేకు పనిచెయ్యదని, వెనక చక్రానికి అడ్డంగా పెద్ద రాయి దొర్లించి పెట్టుకున్నానని గొణిగాడు. నా చక్రం తన్నింది దాన్నే. కానీ ఆవిడ అన్నది మాత్రం రానీయే, తాను విన్నానన్నాడు.

రేంజరమ్మ రేంజే వేరు. అందర్నీ బయటికి నడిపించింది. మా బండి ఇంజను వేయించి తాను నా సీట్లో కూర్చుంది. అన్నని పొద్దున్న టీ పెట్టుకున్న చోటే నిలబెట్టింది. మా ఆవిడ వెనకాల నిలబడి రాయి, రానీయ్ రెంటిలో తనకి తోచింది ఆరుసార్లు అరవాలి. ఏది అరవబోతోందో ముందుగా నర్సు చెవిలో చెప్పాలి, నర్సు కాగితం మీద రాసుకోవాలి. చీలిన పెదవి నొక్కుకుంటూ ఆవిడ ఆరుసార్లు అరిచింది.

రేంజరమ్మ దిగి, ఆరూ రానీయే అంది. అన్న కూడా ఆరూ రానీయే అన్నాడు. నర్సు కాగితం తిప్పి అందరికీ చూపించింది. ఆరూ రాయే.

మధ్యాహ్నం కొండెక్కి వచ్చిన పోలీసులకిచ్చిన రిపోర్టులో రేంజరమ్మ కాలి సంగతి పొరపాటని రాసింది. మేం కొట్టుకున్నది మాత్రం పొరపాటని రాయలేదు. దానికి ముగ్గురి చేతా సంతకాలు పెట్టించుకుంది. సాయంత్రం ఆస్పత్రి వైర్‌లెస్సులోకి వచ్చింది. కాలు తియ్యక్కర్లేదన్నారు, తమ్ముడికి మెలకువ వచ్చిందన్నారు. అన్న మైకు అందుకున్నాడు.

"రాయిరా తమ్ముడూ. ఆవిడ అన్నది రాయి."

గరగరల మధ్య తమ్ముడి గొంతు నీరసంగా వచ్చింది. "ఎలా రానన్నయ్యా, కాలు కట్లలో ఉంది."

"నిన్ను రమ్మనట్లేదు. బండరాయి. బ్రేకు బాగుచేయించమని నువ్వంటే, రాయి చాల్లే అన్నానే, ఆ రాయి. పక్కవాళ్ళ చోట్లోకి పొడుచుకొచ్చేట్టు పెట్టాను. ఆవిడ దాన్ని చూసి రాయి అని అరిచింది. మాకందరికీ రానీయ్ అని వినబడింది."

అవతల గరగర పెరిగింది. తమ్ముడికి అందలేదేమోనని అన్న మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నాడు. ఈసారి కిటికీ బయటున్న వాళ్ళకి కూడా వినబడేట్టు, మా ఆవిడ నుదుటి కట్టువైపు చూస్తూ, అక్షరం అక్షరం విడగొట్టి చెప్పాడు. రా. యి.