ఇరవై రెండో ఫారం

మడత మీద ఎముక పలకతో ఒక్కసారి రుద్ది, పదహారు పేజీలుగా మడిచిన అచ్చు ఫారాన్ని పక్కన పెట్టి, అతను తర్వాతిది అందుకున్నాడు. బైండింగు షాపులో ముప్పై నాలుగేళ్ళుగా అతని పని ఇదే. ఫారాలు మడవడం, వరసగా పేర్చడం, కుట్టడం. ఎడమచేతి వాటం కనుక అందరూ పుర్రచెయ్యి అంటారు. చూపుడువేలి మీద దారం కోసిన గీతలు, చొక్కా కాలరుకు గుచ్చిన సూది, దానికి చుట్టిన మైనపుదారం. పుస్తకం కుట్టడం మొదలుపెట్టేటప్పుడు వేసే తొలిముడి అందరిదీ కుడివైపుకు తిరిగితే, అతనిది ఎడమవైపుకు తిరుగుతుంది. పదింటికి కిటికీలోంచి ఎండ సరిగ్గా అతని బల్ల మీదికే వస్తుంది. ఆ కాసేపు కళ్ళద్దాలతో పని ఉండదు.

భోజనాల బెల్లు మోగగానే డబ్బా పట్టుకుని రెండు వీధుల అవతలికి నడిచాడు. అక్కడ సన్నదారం ఉంటాడు. ఒకప్పుడు పక్క బల్ల మీద కుట్టినవాడు. మనిషి బక్కపలచగా ఉంటాడని షాపులో పెట్టిన పేరు అది. రెండేళ్ళుగా చూపు లేదు. మూడు నెలలుగా గుండె బాగాలేక మంచం దిగడం లేదు. అప్పటినుంచీ పుర్రచెయ్యి రోజూ వచ్చి ఒక నవల చదివి వినిపిస్తున్నాడు.

ఏ నవలైనా బాగుండేది. సన్నదారం ఇదే కావాలన్నాడు.

ఇరవై ఆరేళ్ళ కిందట ఈ నవల నాలుగు వందల ప్రతులు కుట్టింది పుర్రచెయ్యే. పేర్చేటప్పుడు ఇరవై మూడో ఫారం ముందు, ఇరవై రెండోది వెనక పడ్డాయి. చివరిదాకా దాగాల్సిన రహస్యం పదహారు పేజీల ముందే బయటపడిపోయింది. తన అరలో చోటు లేక ఆ కట్టలను సన్నదారం అరలో పెట్టాడు. అట్టలు వేయబోతుండగా తప్పు దొరికింది.

"నేను కాదండీ," అన్నాడు సన్నదారం.

యజమాని నమ్మలేదు. పుర్రచెయ్యి తల వంచుకుని దారానికి మైనం రాస్తూ ఉండిపోయాడు. అప్పుడు అతని భార్య ఆసుపత్రిలో ఉంది. రేపు చెబుదాంలే అనుకున్నాడు. సన్నదారాన్ని ఆ మర్నాడే కట్టలు మోసే పనిలో వేశారు. మళ్ళీ సూది ముట్టనివ్వలేదు. భార్య పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ రేపు ఇంకా రాలేదు.

"కథేమిటో తెలీకుండానే శిక్ష పడింది. కథైనా విందాం," అని అట్ట లేని ఆ పాడైన ప్రతిని పెట్టె అడుగునుంచి తీయించాడు సన్నదారం, మూడు నెలల కిందట.

ఇవాళ కూడా పుర్రచెయ్యి గడియ వేయని తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. సన్నదారం కూతురు స్టూలు జరిపి, మంచినీళ్ళు పెట్టి వెళ్ళింది.

"ఆలస్యమైందేరా? నిన్నటి కథలో, గనిలో వదిలేసిన స్నేహితుడు పద్దెనిమిదేళ్ళకు మారుపేరుతో వచ్చి ఎదురింట్లో దిగాడు. నాకిక్కడ అన్నం సయించడం లేదు."

"నీకెప్పుడు సయించింది గనక, అన్నా?"

నవ్వుకున్నారు. పుర్రచెయ్యి చదవసాగాడు. ఇరవై ఒకటో ఫారం అయిపోయింది. తప్పు తెలియకుండా, ముందు పడ్డ ఇరవై మూడోదాని పదహారు పేజీలూ ఒక్కసారిగా దాటించాడు. కాగితాలు బరువుగా వాలిన చప్పుడైంది.

"తిప్పావా?" అన్నాడు సన్నదారం.

"ఊఁ."

"సరే, చదువు."

పుర్రచెయ్యి నీళ్ళు తాగి చదివాడు. కథలో ద్రోహం చేసినవాడు దీపం పట్టుకుని ఎదురింటి తలుపు కొట్టేచోట చదవడం ఆపాడు.

"చంపేస్తాడంటావా?" అడిగాడు, పేజీలోకే చూస్తూ.

"ఏమో. పద్దెనిమిదేళ్ళు పగ మోసుకు తిరిగాడంటే వాడికి వేరే పనీపాటా లేదురా. నాకైతే కట్టలు మోయడానికే సరిపోయింది."

"అన్నా, నీకొకటి చెప్పాలి."

"సాయంత్రం చెబుదువుగాని. బెల్లు కొట్టేస్తారు. యజమాని కొడుకు తండ్రికంటే నాలుగాకులు ఎక్కువే చదివాడు. ఆ పుస్తకం ఇటివ్వు. కాలరులో సూది కూడా."

"చూపు లేకుండా సూదెందుకు?"

"వేళ్ళకుందిరా చూపు."

సూది, దారం ఆ అరచేతిలో పెట్టి వచ్చేశాడు.

మధ్యాహ్నమంతా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. లోపల ఒకే మాట వరస కుదుర్చుకుంటున్నాడు: అన్నా, ఆ కట్టలు నావి. ఆరింటికి బెల్లు మోగగానే డబ్బా బల్ల మీదే మరిచి బయల్దేరాడు.

తలుపు బార్లా తీసి ఉంది. ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళు పక్కకు తప్పుకున్నారు. మంచం మీద దుప్పటి ముఖం మీదికి కప్పి ఉంది.

"నాలుగింటికి, బాబాయ్," అంది కూతురు. "కునుకు పట్టిందనుకున్నా. బాధేమీ పడలేదు."

అతను స్టూలు మీద కూలబడ్డాడు. అనాల్సిన మాట నోట్లోనే ఉంది. వినేవాడు లేడు.

"మీరు వెళ్ళగానే నాన్న నాతో ఆ పుస్తకం కుట్టు విప్పించారు. ఆ రెండు ఫారాలూ అటూ ఇటూ మార్చి తనే మళ్ళీ కుట్టడం మొదలెట్టారు. మొదటి ముడి మాత్రం తెంపనివ్వలేదు. 'పుర్రచేతి ముడి, వాడిదే, ఉండనీ' అన్నారు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "తప్పు దొరికిన ఆ రోజునుంచే తెలుసట, బాబాయ్. మీకు చెప్పొద్దన్నారు, సిగ్గుపడతాడని."

పుస్తకం తలగడ పక్కన తెరిచి ఉంది. ఇరవై రెండు, దాని తర్వాత ఇరవై మూడు. చివరి ఫారం ఇంకా విడిగానే ఉంది. దానిలోకి సగం దిగి ఆగిన సూదికి, అతను మైనం రాసిన దారం వేలాడుతోంది.