మౌక్తిక మెడలో రెండు రోజులు

నేను ఒక హోల్టర్ పెట్టెను. అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దదాన్ని, అంతే. ఎక్కడ తయారయ్యానో చెప్పే చీటీ పిల్లల చెమటకి ఎప్పుడో ఊడిపోయింది. గుంటూరులో పిల్లల గుండె డాక్టరు నాగవేణిగారి దగ్గర నా ఉద్యోగం. లయ తప్పే గుండె పక్కన ఒక పగలూ రాత్రీ కాపలా కాసి, అది కొట్టుకున్న ప్రతి దెబ్బా రాసిపెడతాను. ఎన్ని మెడల్లో వేలాడానో! అయినా భయం పోలేదు. వినడమే కానీ ఆపడం చేతకాదు మరి.

ఎనిమిదేళ్ళ మౌక్తికకి ఆడుతుంటే ఉన్నట్టుండి గుండె దడదడలాడి కళ్ళు తిరిగేవి. ఆసుపత్రికి వచ్చేసరికి ఏమీ ఉండదు. అందుకే ఛాతీకి తీగలంటించి నన్ను తగిలించారు. "దడ వస్తే ఈ మీట నొక్కండి. ఏం చేస్తుండగా వచ్చిందో కాగితం మీద రాయండి" అన్నారు వాళ్ళమ్మ సౌభాగ్యతో.

ఆ మహాతల్లి ఏం చేసిందనుకున్నారు? ఇంటికెళ్ళగానే పిల్లని మంచమెక్కించింది. దిగనిస్తే ఒట్టు! కాగితం నిండా ఒకటే ముక్క, "పడుకుంది." నాకూ హాయిగానే ఉంది, అబద్ధమెందుకు.

"ఇలా పడుకోబెడితే నాకేం దొరుకుతుందమ్మా?" అన్నారు డాక్టరుగారు నా రాతలు చూసి. "మళ్ళీ కట్టిస్తాను. రోజూలాగే ఆడనివ్వండి. దడొస్తే కూర్చోబెట్టి, ఊపిరి బిగబట్టి ముక్కమనండి. తగ్గకపోతే వెంటనే తీసుకొచ్చెయ్యండి. అదేమిటో తెలిస్తేనే కదా వైద్యం!"

ఆ సాయంత్రం సౌభాగ్యే డాబా మీద సుద్దముక్కతో తొక్కుడుబిళ్ళ గడులు గీసింది. గీతలన్నీ వంకర పోయాయి. "మెల్లిగా గెంతు తల్లీ" అంది. మెల్లిగా గెంతే పిల్లలుంటారా ఎక్కడైనా! గుండె నూట ఇరవై, నూట ముప్ఫై... ఒక్కసారిగా రెండొందల నలభై. నా జన్మలో అంత హడలిపోలేదు.

"అమ్మా, దడ!" అంటూ పాప కూలబడింది. సౌభాగ్య ఒడిలోకి లాక్కుని మీట నొక్కింది, నొక్కిందే మళ్ళీ నొక్కింది. "బిగబట్టు బంగారం, బిగబట్టు!" ఒకసారికి తగ్గలేదు. రెండోసారికీ లేదు. మూడోసారి ఠక్కున ఆగింది. దడ ఆగిందో, గుండే ఆగిందో తెలియక నా పై ప్రాణాలు పైనే పోయాయి. తర్వాత ఒక దెబ్బ. ఇంకొకటి.

"దొరికింది" అన్నారు మర్నాడు డాక్టరుగారు, గీతల మీద వేలు పెట్టి. "గుండె లోపల కరెంటు పోయే అడ్డదారి ఒకటి ఉన్నట్టుంది. దాన్ని మూసెయ్యొచ్చు."

"ఇంకోసారి మాత్రం ఆడించమనకండి డాక్టరుగారూ. నా వల్ల కాదు."

"ఇక మీరు ఆడించక్కర్లేదు. అది మూసేశాక తనే ఆడుకుంటుంది."

సౌభాగ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరుమంది. నాకు ఏడుపు రాదు కాబట్టి సరిపోయింది.