సైకిలుకి ఏడేళ్లు

జైలు ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా గుమస్తా పని చేస్తున్నావిడకి శిక్షలన్నీ నోటికి వచ్చేశాయి. జేబు కొడితే నెలలు, తాళం పగలగొడితే ఏళ్లు, కత్తి చూపిస్తే దాని మీద ఇంకొన్ని. విడుదల తేదీలు వేసేది ఆవిడే కాబట్టి ఖైదీలు ఆవిడని లెక్కల మేడమ్ అనేవారు.

ఆ సోమవారం కోర్టు నుంచి ఇద్దరు కొత్తవాళ్లు వచ్చారు. ఒకడు కత్తి చూపించి నగల దుకాణం దోచాడు. కోర్టు కాగితంలో అతనికి మూడు నెలలని ఉంది. రెండోవాడు సైకిలు ఎత్తుకుపోయాడు. అతనికి ఏడేళ్లు. నగలవాడు పెళ్లికొడుకులా వెలిగిపోతున్నాడు.

"చూశావా తమ్ముడూ, ఏది చేసినా భారీగా చెయ్యాలి. చిల్లర దొంగలంటే చట్టానిక్కూడా లోకువే," అని సైకిలతనికి బోధ మొదలుపెట్టాడు.

మేడమ్ సైకిలతని వివరాలు రాసుకోసాగింది. ఇంట్లో ఎవరున్నారని అడిగితే, "నా భార్యండీ. ఇప్పుడు ఐదో నెల," అన్నాడు.

మేడమ్ కలం ఆగిపోయింది. సైకిలుకి ఏడేళ్లా? చట్టం ఎంత గింజుకున్నా మూడేళ్లు దాటదే! ఆ కోర్టు టైపిస్టు మహాతల్లి ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని ఒకరి శిక్ష ఇంకొకరికి కొట్టేసి ఉంటుంది. ఏడేళ్లంటే ఆ పుట్టబోయే బిడ్డ బడికి కూడా వెళ్లిపోతుంది. ఆ ఊహకే ఆవిడ ప్రాణం ఉసూరుమంది.

తిన్నగా జైలరుగారి గదిలోకి వెళ్లింది.

"కోర్టు రాసింది దిద్దడానికి మనమెవరమమ్మా?" అన్నారాయన టీ ఊదుకుంటూ.

"దిద్దమనట్లేదు సార్, అడగమంటున్నా. ఆ నగలవాడు మూడు నెలలకే బయటికెళ్లి ఇంకో దుకాణం దోచాడనుకోండి, గేటు తీసిందెవరని అడుగుతారు?"

టీ చల్లారకముందే జైలరుగారు ఉత్తరం మీద సంతకం పెట్టారు. తపాలాలో వేస్తే తెల్లారినట్టేనని మేడమ్ తనే బస్సెక్కి కోర్టుకి పట్టుకెళ్లింది. జడ్జిగారు అసలు తీర్పు తెప్పించి చూశారు. టైపిస్టు నాలిక కరుచుకుంది. సాయంత్రానికల్లా సరైన కాగితాలు మేడమ్ చేతిసంచిలో ఉన్నాయి.

మర్నాడు ఇద్దరినీ పిలిచి చదివి వినిపించింది. సైకిలతనికి మూడు నెలలు, నగలవాడికి ఏడేళ్లు.

నగలవాడి మొహం మాడిపోయింది. "ఒకసారి ఇచ్చింది వెనక్కి తీసుకోవడం మర్యాద కాదండీ!"

"నువ్వు తీసుకున్న నగలు మర్యాదగా వెనక్కిచ్చావేమిటి?" అని మేడమ్ సైకిలతని వైపు తిరిగింది. "ఏడేళ్లంటే నువ్వైనా అడగొద్దటయ్యా?"

"జడ్జిగారు చదివింది నాకు వినబడలేదండీ. కాగితంలో ఏడన్నారు. సైకిలుకి అంతేనేమో అనుకున్నా." అతను బల్ల దగ్గరికి జరిగాడు. "మేడమ్, నిన్న నేనిచ్చిన ఉత్తరం పోస్టులో వేసేశారా?"

ఖైదీల ఉత్తరాలు ఆవిడ చదివాకే బయటికి వెళ్తాయి. నిన్నటి హడావుడిలో దేన్నీ ముట్టుకోలేదు. బల్ల మీది కట్టలోంచి అతనిది తీసి చదివింది. "బిడ్డకి నా ఫొటో రోజూ చూపిస్తూ ఉండు. లేకపోతే నేనొచ్చేసరికి ఎవరో అనుకుని జడుసుకుంటుంది."

మేడమ్‌కి ఏడుపొచ్చింది. ఆ ఉత్తరాన్ని చించి బుట్టలో పడేసి, ఒక తెల్లకాగితం అతని ముందు పెట్టింది. అతను రెండే రెండు ముక్కలు రాసి ఇచ్చాడు.

"కంగారుపడకు. ఆసుపత్రికి నేనే తీసుకెళ్తాను."